గాజు తలుపుకు ఇవతల

ఇబ్రహీంపట్నం నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం వ్రాశారు. వారి అత్తగారు హైదరాబాదులో ఒక ఆస్పత్రి ఐ.సి.యు.లో 9 రోజులు ఉన్నారట. భగవంతుని దయవల్ల కోలుకుని ఇల్లు చేరారు. బయలుదేరే రోజున ఒక అమ్మాయి వచ్చి, తెలుగులో అచ్చువేసిన నాలుగు కాగితాలు చేతిలో పెట్టి, "ఇవి నింపి ఇవ్వండి ఆంటీ" అన్నదట. అందులో 24 ప్రశ్నలు. మరిది పక్కనుంచి, "అన్నిటికీ చాలా బాగుందని టిక్కు పెట్టెయ్యి వదినా, కారు వచ్చి నిలబడింది" అన్నాడట. ఆవిడ అలాగే పెట్టేశారు.

"ఇంటికి వచ్చాక మనసు ఒప్పలేదు. ఆ 9 రోజులూ మాకు ఎవరూ ఏదీ విడమరచి చెప్పలేదు. నేనేమో అంతా బాగుందని వ్రాసి ఇచ్చాను. ఇంతకూ ఆ కాగితం దేనికి? ప్రాణం నిలబెట్టిన వాళ్లకు మనం మార్కులు వేయడమేమిటి?" అని అడుగుతున్నారు.

మంచి ప్రశ్న. ఐ.సి.యు. గుమ్మం ముందు కూర్చోని కుటుంబం ఈ రోజుల్లో అరుదు. అందుచేత కొంచెం వివరంగానే చెప్పుకుందాం.

ప్రాణాపాయంలో ఉన్నవారినందరినీ ఒకచోట చేర్చి, రాత్రింబవళ్లు కనిపెట్టి చూడడమన్న పద్ధతికి డెన్మార్కులో వచ్చిన పోలియో నాంది పలికింది. 1952లో కోపెన్‌హాగెన్ నగరంలో ఊపిరాడని రోగులు ఆస్పత్రికి కుప్పతెప్పలుగా వచ్చారు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే డాక్టరుగారు గొంతులో గొట్టం అమర్చి, రబ్బరు తిత్తి నొక్కుతూ గాలి పంపే ఉపాయం చెప్పారు. యంత్రాలు చాలలేదు. వైద్య విద్యార్థులు వందలాదిగా వంతులు వేసుకుని, గంటల తరబడి ఆ తిత్తులు చేతులతో నొక్కారు. మరుసటి ఏడు, 1953లో, ఇబ్సెన్‌గారు ఇటువంటి రోగులకోసం ప్రత్యేకంగా ఒక విభాగమే తెరిచారు. ఈనాటి ఐ.సి.యు.కు అదే మొదలు.

అది మొదలు డాక్టర్లు లెక్కపెట్టింది ఒక్కటే: ఎంతమంది బ్రతికారు, ఎంతమంది పోయారు. తలుపుకు ఇవతల కూర్చున్నవాళ్ల లెక్క ఎవరూ తీయలేదు. 1979లో అమెరికాలో నాన్సీ మోల్టర్ అనే నర్సు ఆ పని చేసింది. 45 అవసరాల జాబితా ఒకటి తయారుచేసి, ప్రమాదస్థితిలో ఉన్న రోగుల బంధువులను 40 మందిని అడిగింది. మీకు వీటిలో అన్నిటికన్నా ముఖ్యమైనదేది అని. అందరికన్నా పైన నిలిచిన కోరిక, ఆశ ఉందని అనిపించడం. మా మనిషిని వీళ్లు శ్రద్ధగా చూస్తున్నారన్న నమ్మకం, అడిగినదానికి నిజాయితీగా జవాబు, ఇవి కూడా పైవరుసలోనే ఉన్నాయి. తమ సుఖం సంగతి ఆ బంధువులు వెనక్కు నెట్టారు. మన ఇళ్లలో అయినా అంతే కదా!

మీరు వ్రాసినదాన్నిబట్టి చూస్తే, మీ చేతికి వచ్చిన కాగితం కెనడాలో పుట్టినది అయి ఉండాలి. 2000 ప్రాంతాల్లో అక్కడ డారెన్ హేలండ్ అనే డాక్టరూ, ఆయన సహచరులూ ఐ.సి.యు. రోగుల కుటుంబాల తృప్తిని కొలవడానికి 34 ప్రశ్నలతో దీనిని కూర్చారు. 2007లో దానిని 24కు కుదించారు. తరువాత అది ఎన్నో భాషల్లోకి వెళ్లింది. అందులో రెండు భాగాలు. 14 ప్రశ్నలు శుశ్రూషను గురించి: నొప్పి, ఆయాసం తగ్గించారా, నర్సులు ఎలా చూశారు, మీకు ధైర్యం చెప్పారా, మీరు కూర్చున్న గది ఎలా ఉంది. మిగిలిన 10 ప్రశ్నలు మాటను గురించి: డాక్టరు మీతో ఎన్నిసార్లు మాట్లాడారు, అర్థమయ్యేలా చెప్పారా, నిజం చెప్పారా, ఒకరు చెప్పినదీ ఇంకొకరు చెప్పినదీ ఒకటిగా ఉందా, నిర్ణయాలలో మిమ్మల్ని కలుపుకున్నారా, ఆలోచించుకునే వ్యవధి ఇచ్చారా.

ఇక మీ రెండో ప్రశ్న, ప్రాణం పోసినవారికి మార్కులేమిటని. సోదరీ, ఆ కాగితం అడిగేది ప్రాణం సంగతి కాదు. అమెరికాలో సియాటిల్ నగరంలో ఇదే ప్రశ్నావళితో చేసిన ఒక పరిశీలన 2007లో వెలువడింది. రోగి బ్రతికి బయటపడ్డ కుటుంబాలకన్న, రోగి మరణించిన కుటుంబాలే ఎక్కువ తృప్తి వెలిబుచ్చాయి! వింతగా లేదూ? తేడా ముఖ్యంగా ఎక్కడ వచ్చిందంటే, నిర్ణయాలలో కలుపుకోవడం, మాట్లాడడం, ఓదార్పు, గౌరవం, వీటి దగ్గర. చావు ఖాయమనిపించినప్పుడు డాక్టరుగారు వచ్చి కూర్చుని మాట్లాడతారు. బ్రతుకుతాడనుకున్నప్పుడు "ఫర్వాలేదమ్మా, చూస్తున్నాం" అని నడిచిపోతారు. మీ అత్తగారు బ్రతికారు కనుకనే మీతో ఎవరూ మాట్లాడలేదేమో! కృతజ్ఞత వేరు, తృప్తి వేరు. మొదటిది చేతులు జోడించి చెప్పండి. రెండోది కాగితం మీద ఉన్నదున్నట్లు పెట్టండి.

ఆ ఊళ్లోనే, ఆస్పత్రుల్లో డాక్టర్లూ బంధువులూ కూర్చుని మాట్లాడుకున్న 51 సమావేశాలను రికార్డు చేసి విన్నారు. ఆ ఫలితాలు 2004లో వచ్చాయి. సగటున అరగంట సేపు సాగిన మాటల్లో నూటికి 71 పాళ్లు ఆస్పత్రివారివే. కుటుంబానివి 29. బంధువులు ఎక్కువసేపు మాట్లాడిన చోట తృప్తి కూడా ఎక్కువగా కనిపించింది. డాక్టరుగారు చక్కగా చెప్పడం ఎంత ముఖ్యమో, చెవి ఒగ్గి వినడమూ అంత ముఖ్యమని దీనివల్ల తెలుస్తున్నది.

సరే, ఇంతవరకూ బాగుంది. ఇక అనువాదం. అసలు చిక్కంతా అక్కడ ఉంది.

ఇటువంటి కాగితాన్ని ఒకరు తెలుగు చేస్తే చాలదు. మూలం చూడని మరొకరు ఆ తెలుగును తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి. రెండు ఇంగ్లీషులనూ పక్కపక్కన పెట్టుకుని తేడాలు సరిదిద్దాలి. ఆ తరువాత కొందరు మామూలు మనుషుల చేత చదివించి, "మీకేమి అర్థమైంది?" అని అడగాలి. ఈ చివరి మెట్టు ఎక్కకపోతే ఏమవుతుందో చూడండి. మూలంలో జవాబులు అయిదు మెట్లు. పైమెట్టుకు 100, తరువాత 75, 50, 25, అడుగుమెట్టుకు సున్న. నాలుగో మెట్టు ఇంగ్లీషులో 'ఫెయిర్'. దానిని తెలుగులో 'ఫర్వాలేదు' అన్నామనుకోండి. మన పెద్దవాళ్లు నిండు మనసుతో కూడా "ఫర్వాలేదండీ" అంటారు. లెక్కలో అది 25 మార్కులకు పడిపోతుంది! 'బాగుంది' అంటే మనకు అంతకుమించి ఏమి కావాలి? అక్కడ దానికి దక్కేది 50 మాత్రమే.

'అగిటేషన్' అన్న మాట ఉంది. రోగి మంచం మీద కుదురులేక కొట్టుకోవడం, గొట్టాలు పీక్కోవడం అని దాని భావం. 'ఆందోళన' అని వ్రాస్తే పేపరు చదివే మామగారికి ధర్నా గుర్తుకు వస్తుంది. 'కుటుంబం' అన్నా చిక్కే. పాతకాలపువారు "మా కుటుంబం" అంటే భార్య అని అర్థం. 'మానసిక మద్దతు' అని పుస్తకభాషలో అడిగితే తెల్లమొగం వేసేవారు, "మీకు ఎవరైనా ధైర్యం చెప్పారా?" అంటే కళ్లనీళ్లు పెట్టుకుని చెబుతారు. పైగా మీ ప్రాంతంలో ఇంట్లో ఉర్దూ మాట్లాడేవారున్నారు, తండాల్లో లంబాడీ మాట్లాడేవారున్నారు. తెలుగు చేసినంత మాత్రాన అందరికీ అందినట్లు కాదు.

ఇంకొక లోటు ఉంది. ఈ 24 ప్రశ్నల్లో డబ్బు ఊసు లేదు. కెనడాలో ఆస్పత్రి ఖర్చు ప్రభుత్వపు బీమా భరిస్తుంది గనుక వారికి ఆ ప్రశ్న తట్టి ఉండదు. మనకో? ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా, రేపటికి ఎంత కట్టాలి, ఈ మందు బయట తేవాలా, ఇవి తెలియకుండా నిర్ణయం తీసుకోగల ఇల్లాలు ఎవరు? ఆ 24 ప్రశ్నలనూ అలాగే ఉంచి, చివర ఖర్చును గురించి విడిగా ఒకటి రెండు ప్రశ్నలు చేర్చడం మంచిది. అప్పుడు ఇతర దేశాలతో పోల్చుకోవడానికీ వీలుంటుంది, మన బాధా బయటపడుతుంది.

ఇదంతా ఎందుకంత ముఖ్యమో మీ ఊరివారికి నేను చెప్పనక్కరలేదు. 2022 ఆగస్టు 25న మీ ఊరి ప్రభుత్వ ఆస్పత్రిలో 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. కొద్ది రోజుల్లోనే నలుగురు తల్లులు చనిపోయారు. మిగిలినవారిని హైదరాబాదులో నిమ్స్‌కూ, అపోలోకూ తరలించారు. కారణాలు విచారించడానికి ప్రభుత్వం సంఘాన్ని వేసింది. అది ఒక పని. ఆ గుమ్మాల ముందు నిలబడ్డ భర్తలతో, తల్లులతో ఎవరు, ఎప్పుడు, ఏ మాటల్లో చెప్పారన్నది విచారించడం రెండో పని. అందుకు ఇటువంటి ప్రశ్నలు ఒక సాధనం.

కాగితం తెచ్చిన అమ్మాయి ఎవరా అనుకుంటున్నారేమో. మన దేశంలో 2008లో ఫార్మ్.డి. అనే ఆరేళ్ల చదువు మొదలైంది. ఆ పిల్లలు చివరి సంవత్సరం ఆస్పత్రుల్లోనే గడుపుతారు. అటువంటి పిల్లలూ, నర్సింగు విద్యార్థినులూ ఈ పరిశీలనలు చేస్తూ ఉంటారు. మీ ఇబ్రహీంపట్నం చుట్టూ కూడా ఫార్మసీ కాలేజీలు ఉన్నాయి కదా! వారికి నా మనవి ఒక్కటే: బిల్లు కట్టి కారెక్కేవారి చేతిలో ఈ కాగితం పెట్టకండి అమ్మా. సూది వేసిన నర్సు ఎదుట నిలబడి ఉండగా అడగకండి. ఇల్లు చేరి ఒక వారం గడిచాక, పేరు వ్రాయనక్కరలేదని చెప్పి అడగండి. చదువురాని అమ్మమ్మకు ఆస్పత్రితో సంబంధం లేనివారు చదివి వినిపించాలి.

ఇక ఇల్లాళ్లకు. కాగితం ఇచ్చినప్పుడు "ఇంటికి తీసుకుపోయి నింపవచ్చా?" అని అడగండి. రాత్రింబవళ్లు ఎవరు కాపలా ఉన్నారో వారే నింపాలి. సాయంత్రం పూట ఒకసారి చూసిపోయిన పెద్దబావగారు కాదు. అయిదు మెట్లలో ఏది పైది, ఏది కిందిది చూసుకుని టిక్కు పెట్టండి. చివర సలహాలకని వదిలిన ఖాళీ జాగాలో మీ సొంత మాటల్లో రెండు వాక్యాలు వ్రాయండి. "రోజుకొకసారి, ఫలానా వేళకు, ఒకే డాక్టరుగారు వచ్చి మాతో మాట్లాడితే బాగుండేది" అని వ్రాస్తే ఎవరినీ తిట్టినట్లు కాదు. రేపు అదే బెంచీ మీద కూర్చోబోయే మరో ఇంటి కోడలికి సాయం చేసినట్లు.