చూడకుండా వదలిన చీతా



గత నెల ఒక సహోదరి మాకు ఉత్తరం వ్రాశారు. "మా అబ్బాయి నైరోబీలో ఉద్యోగం చేస్తున్నాడు. మమ్మల్ని మసాయిమారా సఫారీకి తీసుకొని వెళ్తానంటున్నాడు. సింహాల మధ్యకు వెళ్లడమంటే భయంగా ఉంది. అక్కడ ఎలా ఉంటుంది? మాలాంటి పెద్దవాళ్లు తట్టుకోగలరా?" అని ఆమె ప్రశ్న. మేమూ ఆ దారిన వెళ్లి వచ్చినవారమే గనుక, మాకు తెలిసినది ఈ నెల వ్రాస్తున్నాము. అక్కడ మేము చేసిన ఒక తప్పును కూడా దాచకుండా వ్రాస్తున్నాము.

మొదట సిద్ధపాటు సంగతి. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. కెన్యా నుండి తిరిగి వచ్చేటప్పుడు ఆ టీకా పత్రం లేకపోతే మన విమానాశ్రయంలోనే ఆపి 6 రోజుల వరకు విడిగా ఉంచవచ్చు. 60 ఏళ్లు దాటినవారు ఈ టీకాకు ముందు తప్పక డాక్టరును అడగాలి. మలేరియా మాత్రల సంగతి కూడా అప్పుడే అడగండి. ప్లాస్టిక్ సంచులను కెన్యా 2017లోనే నిషేధించింది. కాబట్టి చేగోడీలు, జంతికలు క్యారీ బ్యాగులో కట్టకుండా స్టీలు డబ్బాలో పెట్టుకోండి. ఆఫ్రికా అంటే అంతా ఎండే అనుకొని మేము స్వెట్టర్లు ఇంట్లో వదలి వెళ్లాము. మసాయిమారా సముద్రమట్టానికి సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఉన్నది. తెల్లవారుజామున, పైకప్పు ఎత్తిన బండిలో నిలబడేసరికి మా పళ్లు టకటకలాడాయి.

నైరోబీ నుండి రోడ్డుమీద 5, 6 గంటల ప్రయాణం. నారోక్ పట్టణం దాటిన తరువాత మాకు దుమ్ము, కుదుపులు తప్పలేదు. నడుము నొప్పి ఉన్నవారికి చిన్న విమానాలు ఉన్నాయి, ఖర్చు మాత్రం ఎక్కువ. సఫారీ అనేది స్వాహిలీ మాట, ప్రయాణం అని అర్థం. హైదరాబాదులో మనం వినే సఫర్ అనే మాటా ఇదీ ఒకే అరబ్బీ మూలం నుండి వచ్చినవే.

రోజుకు రెండుసార్లు, ఉదయం పెందలకడ, మళ్లీ సాయంకాలం, బండిలో తిప్పుతారు. మధ్యాహ్నం జంతువులూ విశ్రాంతి తీసుకుంటాయి, మనమూ తీసుకుంటాము. టీవీలో చూసినట్టు అడుగడుగునా వేట ఉంటుందనుకోకండి. సింహం రోజులో 20 గంటల వరకు పడుకొనే ఉంటుంది. మేము చూసిన సింహాలన్నీ నిద్రపోతున్నవే! ఏనుగులు, జిరాఫీలు, జీబ్రాలు మాత్రం కన్నులపండుగగా కనిపించాయి. జూలై మొదలు అక్టోబరు వరకు వెళ్లేవారికి, టాంజానియాలోని సెరెంగెటి నుండి పచ్చికను వెదుక్కుంటూ వచ్చే వైల్డ్‌బీస్ట్ మందలు కనబడతాయి. ఆ మందలన్నీ కలిపితే లక్షల్లో ఉంటాయి.

ఇక భయం సంగతి. బండి దిగకూడదు, చేతులు బయట పెట్టకూడదు, కేకలు వేయకూడదు. ఈ మూడూ పాటించినంతసేపు సింహం సాధారణంగా మనలను పట్టించుకోదు. బాత్రూము అవసరమైతే సిగ్గుపడక గైడుకు చెప్పండి. అతడు క్షేమమైన చోటు చూసి ఆపుతాడు. కెన్యాలో గైడులకు పరీక్షలు పెట్టి కంచు, వెండి, బంగారు శ్రేణులు ఇచ్చే సంఘమొకటి ఉంది. మా గైడు మాలో పురుషులను మ్జే అనీ, స్త్రీలను మామా అనీ పిలిచేవాడు. మామా అంటే మొదట మాకు నవ్వు వచ్చింది. స్వాహిలీలో మ్జే అంటే పెద్దాయన, మామా అంటే అమ్మ.

మూడవ రోజు ఉదయం రేడియోలో డూమా అనే మాట వినబడింది. డూమా అంటే చీతా. చాలామంది చీతాను చిరుతపులి అనుకుంటారు. చీతా కంటి మూల నుండి నోటి వరకు, కన్నీరు కారినట్టు, ఒక నల్లని చార ఉంటుంది. చిరుతకు అది ఉండదు. మేము వెళ్లేసరికి ఒక పుట్టమీద తల్లి చీతా, దాని ప్రక్కన పిల్లి కూనలంత పిల్లలు మూడు. చుట్టూ అప్పటికే ఐదు బండ్లు ఉన్నాయి. ఒక జంతువు దగ్గర అంతకు మించి ఉండకూడదని అక్కడి నిబంధన. అయినా ఇంకా రెండు బండ్లు బాట దిగి గడ్డిలోనుండి దగ్గరకు పోయాయి. మా గైడు మాత్రం దూరంగా బాటమీదే ఆపాడు.

మాకు ఓర్పు పోయింది. "ఇంత ఖర్చుపెట్టి వచ్చాము. మనవలకు ఫోటో చూపించాలి. మనమూ పోదాము" అని ఒత్తిడి చేశాము. అంతటితో ఆగక, చేతిలో కొన్ని నోట్లు పట్టుకొని అతని ముందు చాపాము.

అతడు కోపపడలేదు, డబ్బు ముట్టలేదు. "మ్జే, ఆ తల్లి పొట్ట చూడండి, వెన్నుకు అంటుకొని ఉంది. ఇది పగలు వేటాడే జంతువు. బండ్లు కమ్ముకొంటే జింకలు పారిపోతాయి. తల్లి తినకపోతే పిల్లలకు పాలెక్కడివి? మీరు రేపు వెళ్లిపోతారు, అది ఇక్కడే బ్రతకాలి" అని, బండిని వెనుకకు త్రిప్పాడు. ఆ చీతాకు ఆ రోజు వేట దొరికిందో లేదో మాకు తెలియదు. తిరిగి బసకు చేరేవరకు మాలో ఎవరమూ మాట్లాడలేదు. నోట్లు చాపిన చేయి బరువుగా ఉంది.

ఇంటికి వచ్చాక ఒక సంగతి చదివాము. మసాయిమారాలో చీతాలమీద జరిగిన ఒక పరిశోధన 2018లో వెలువడింది. పర్యాటకులు తక్కువగా వచ్చే చోట తల్లి చీతా సగటున 2.3 పిల్లలను పెంచి పెద్ద చేస్తుండగా, ఎక్కువగా వచ్చే చోట ఆ లెక్క 0.2 మాత్రమేనట! మన దేశంలో చీతాలు అంతరించాయని 1952లో ప్రభుత్వం ప్రకటించింది. 70 ఏళ్ల తరువాత, 2022లో, నమీబియా నుండి 8 చీతాలను తెచ్చుకోవలసి వచ్చింది. పోగొట్టుకొన్నది తిరిగి తెచ్చుకోవడం ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు.

ఆ రాత్రి మేము యోబు గ్రంథము 38, 39 అధ్యాయములు మరల చదువుకొన్నాము. సింహపు పిల్లల ఆకలిని గురించి, కొండమేకలు ఈనే కాలమును గురించి దేవుడు యోబును ప్రశ్నించుట అక్కడ చూస్తాము. ఎన్నోసార్లు చదివిన భాగమే. ఈసారి ఆ ప్రశ్నలు మమ్మును అడిగినట్టే ఉన్నాయి. భూజంతువులపై దేవుడు నరునికి ఏలుబడి ఇచ్చాడని సండేస్కూలులో పిల్లలకు నేర్పిన మేమే, ఒక ఫోటో కోసం ఆ ఏలుబడిని డబ్బుతో కొనబోయాము. బాటమీద బండి ఆపి, దానిని ఎలా వాడాలో చూపించినవాడు మా గైడు.

కాబట్టి సహోదరీ, నిశ్చింతగా వెళ్లి రండి. స్వెట్టరు, టోపీ, మందులు, వీలైతే ఒక దుర్భిణి వెంట ఉంచుకోండి. ఎక్కేముందే మీ గైడుతో, "మా కోసం బాట దిగవద్దు" అని చెప్పండి. అతడు దూరంగా ఆపితే సణగకండి. చివరి రోజున ఇచ్చే బహుమానం, అతడు చూపించిన జంతువులను లెక్కపెట్టి ఇవ్వకండి. మేము వీడ్కోలు రోజున మా గైడును క్షమాపణ అడిగాము. అతడు మా చేయి పట్టుకొని నవ్వాడు.

మా మనవలు ఇప్పటికీ చీతా ఫోటో ఏదని అడుగుతారు. లేదని చెప్పి, ఎందుకు లేదో కథంతా చెబుతాము. ఫోటో ఉంటే ఒకసారి చూసి ప్రక్కన పెట్టేవారేమో. ఈ కథను మాత్రం మళ్లీ మళ్లీ చెప్పమంటున్నారు.

సృష్టికర్తయైన దేవుడు మీ ప్రయాణములన్నిటిలో మీకు తోడైయుండును గాక.