పిడికిలి బిగించుటయే పౌరుషమా?

బాగాయం వీథిలో మొన్న సైకిలు తగిలినదన్న చిన్న మాటకే మన కుర్రవాడొకడు పిడికిళ్లు బిగించి సినిమా వస్తాదువలె నిలిచెను. ఎదుటివాడు దానినే సవాలుగా తీసికొనెను, తగవు పెరిగెను. దీనిని పౌరుషమని మెచ్చుకొను తండ్రులతోనే నా పేచీ.

బిగిసిన దేహము వేగముగా తొలగలేదు. 1882లో టోకియోలో కొడోకాన్ స్థాపించిన జిగోరో కానో జూడోకు మూలముగా నేర్పినది సహజమైన నిలుకడయే: పాదములు భుజములంత ఎడముగా, మోకాళ్లు సడలి, చేతులు వదులుగా. అట్లు నిలిచినవాడు ఎటైనను జరుగగలడు; తప్పుకొని ఇంటికి పోనుగలడు.

పోనీ, చట్టమును చూడుడు. భారతీయ న్యాయ సంహిత 37వ సెక్షను రక్షణకు అవసరమైనదానికి మించిన హానిని ఒప్పుకొనదు. మొదట పిడికిలి ఎత్తినదెవరని స్టేషనులో అడిగినచో, ఆ వీథి అంగళ్లవారు ఎవరిని చూపుదురు?