బటన్‌కు పేరు పెట్టడం చిన్న పని కాదు

బిలాస్‌పూర్ రైల్వే పట్టణంలో ఎలక్ట్రిక్ లోకో షెడ్ ఉంది. రైల్వేలో ప్రతి ఎలక్ట్రిక్ ఇంజిన్‌కూ రెండు గుర్తింపులుంటాయి. ఒకటి తరగతి: డబ్ల్యూఏజీ-9 అంటే బ్రాడ్‌గేజ్ మీద ఏసీ విద్యుత్తుతో గూడ్స్ బండి లాగే ఇంజిన్లలో ఒక రకం. రెండోది దాని సొంత నంబరు. అందుకే ‘ఈ తరగతి ఇంజిన్లన్నింటికీ’ అని ఒక ఆదేశం, ‘ఫలానా నంబరు ఇంజిన్‌కు మాత్రం’ అని మరో ఆదేశం ఇవ్వగలుగుతారు.

కంప్యూటర్ తెర మీది బటన్లు, జాబితాలు, రాసే గళ్లకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. వీటిని విడ్జెట్లు అంటారు. అమెరికాలోని ఎంఐటీలో 1984లో మొదలై, 1987లో 11వ వెర్షన్‌కు చేరిన ఎక్స్ విండో వ్యవస్థలో ప్రతి విడ్జెట్‌కూ ఒక తరగతి, ప్రోగ్రామర్ పెట్టిన ఒక పేరు ఉంటాయి. రంగు, ఫాంటు వంటివి ‘రిసోర్సులు’. వాటిని ప్రోగ్రాం బయట, మామూలు టెక్స్ట్ ఫైల్లో రాసుకోవచ్చు. ‘బటన్లన్నీ నీలం, రద్దు బటన్ మాత్రం ఎరుపు’ అనే అర్థంలో రెండు వరుసలు రాస్తే చాలు. రెండూ పొసగనిచోట తరగతి కన్నా సొంత పేరుదే పైచేయి. ప్రోగ్రాంను ముట్టుకోనక్కర్లేదు.

దీనికొక షరతుంది. ప్రోగ్రామర్ ఫాంటునూ రంగునూ కోడ్‌లోనే బిగించేస్తే వినియోగదారుడి ఫైలు చెల్లదు. విడ్జెట్‌కు ‘బటన్1’, ‘బటన్2’ అని తోచిన పేరు పెడితే, ఏది దేనికో బయటివారికి అర్థం కాదు.

ఇది నిపుణుల గొడవ అనుకోకూడదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఊరు బిలాస్‌పూర్. అలాంటి ఇళ్లలో ఒకరికి హిందీ సులువు, మరొకరికి తెలుగు సులువు; పెద్దవారికి అక్షరం పెద్దదిగా ఉండాలి. టికెట్ ఫారంలో ‘స్త్రీ’ అనే ఒక్క మాట చూడండి: కింద రెండు ఒత్తులు, పైన గుడిదీర్ఘం. ఇంగ్లిష్ అక్షరాల కొలతకు బిగించిన గడిలో ఆ ఒత్తులు తెగిపోతాయి. ఆ గడికి సరైన పేరుండి, ఎత్తును బయటి నుంచి మార్చే వీలుంటే ఒక్క వరుసతో సరిచేయవచ్చు. లేదంటే తయారీదారు తరువాతి వెర్షన్ వచ్చేదాకా ఎదురుచూడాలి.

ఇప్పటి ఫోన్లలో అక్షరాల సైజు పెంచే మీట ఉందిగా అని కొందరంటారు. ఉంది. కానీ అది అన్నిటినీ కలిపి పెంచుతుంది. కొలతలు బిగించిన చోట పనిచేయదు. ఒక్క గడిని సరిచేయాలంటే దానికి పేరు కావాల్సిందే. నేటి జీటీకే, క్యూటీ పరికరాల్లోనూ విడ్జెట్‌కు పేరు పెట్టి, ఆ పేరుతో రూపం మార్చే పద్ధతి ఉంది. సాధనం ఉంది, వాడే అలవాటే తక్కువ.

కాబట్టి ప్రజాధనంతో సాఫ్ట్‌వేర్ చేయించుకునే సంస్థలు ఒప్పందంలో మూడు నిబంధనలు చేర్చాలి. ప్రతి విడ్జెట్‌కూ దాని పనిని చెప్పే పేరుండాలి. రూపాన్ని కోడ్‌లో బిగించకూడదు. ఒకసారి ఇచ్చిన పేరును తరువాతి వెర్షన్లో ఊరికే మార్చకూడదు. మారిస్తే జనం రాసుకున్న అమరికలన్నీ పనికిరాకుండా పోతాయి. వీటికయ్యే ఖర్చు కాస్త శ్రద్ధే. దానికి బదులుగా, తన కంటికీ తన లిపికీ తగినట్టు తెరను మార్చుకునే హక్కు చదివేవారికి దక్కుతుంది.