పనికిరాని గుర్రం మాకు నేర్పిన సంగతి



మందిరం వెనక వేపచెట్టు కింద చోటు ఇప్పుడు ఖాళీగా ఉంది. ఐదు నెలలు అక్కడున్న గుర్రాన్ని మీలో చాలామంది చూశారు. నుదుటి మీద తెల్ల మచ్చ ఉందని పిల్లలు దానికి చుక్క అని పేరు పెట్టుకున్నారు. అది పోయాక కొందరు ఫోన్ చేసి మమ్మల్ని ఓదార్చారు. ఒక సహోదరుడు మాత్రం సూటిగా అడిగాడు. "అయ్యగారూ, మనుషులకే మందులు కొనుక్కునే దిక్కు లేని చోట గుర్రానికి సెలైన్లు ఎక్కించడం ఏంటండీ?" న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పాల్సిన బాధ్యత మా మీద ఉంది.

పెళ్లిళ్ల రోజులు అయిపోయాక, మిరప కోతల కాలంలో, అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు పక్కన అది మాకు కనబడింది. లారీలు పక్కనుంచే పోతున్నా కదలకుండా నిలబడి ఉంది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. వీపు మీద జీను ఒరుసుకున్న పుండు, దాని నిండా ఈగలు. ఊరేగింపుల్లో తిప్పిన గుర్రమని చూసినవాళ్లు చెప్పారు. పెళ్లికొడుకును మోసినన్నాళ్లు పూలదండలు వేశారు, మోయలేకపోయాక రోడ్డు మీద వదిలేశారు. ఆకలిదప్పులతో మాడిపోయేలా పశువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. కానీ చట్టం వచ్చి నీళ్లు తాగించదు కదా. మన యువకులే తాడు వేసి నడిపించుకొచ్చారు.

1962 నంబరుకు ఫోన్ చేస్తే పశువుల డాక్టరు గారు వచ్చి నోరు తెరిచి చూశారు. ఇరవై ఏళ్లు దాటి ఉంటాయని, పళ్లు అరిగిపోయాయని చెప్పారు. అందుకే గడ్డి నమలలేక ఉండలు ఉండలుగా కింద పడేస్తోంది. మనకు ఎద్దుల సంగతి తెలుసు గానీ గుర్రం సంగతి తెలియదు. ఎద్దు నెమరు వేస్తుంది. గుర్రం వేయదు. కడుపులో తేడా చేస్తే కనీసం వాంతి కూడా చేసుకోలేదు. అందుకని ఉలవలు మెత్తగా ఉడకబెట్టి, తవుడు నానబెట్టి, కొంచెం కొంచెంగా రోజుకు నాలుగైదుసార్లు పెట్టాం. పుండు మానింది. ఒళ్లు చేసింది. సాయంత్రం ప్రార్థనకు గంట కొడితే చెవులు నిక్కబొడిచేది.

ఇక డబ్బు సంగతి. సంఘ కానుకల్లో నుంచి రూపాయి తీయలేదు. మా ఇంటి ఖర్చులో కొంత తగ్గించుకున్నాం. యువకులు ఒకరోజు మిరప కోత కూలి ఇచ్చారు. అయితే జవాబు లెక్కలతో తీరదు. విశ్రాంతి దినాన మనిషితోపాటు పశువుకూ విశ్రాంతి ఇవ్వమని దేవుడు ఆజ్ఞాపించాడు. పగవాడి గాడిద బరువు కింద పడిపోతే వదిలిపోవద్దన్నాడు. నీనెవె మీద జాలిపడినప్పుడు అక్కడి పశువులను కూడా లెక్కలోకి తీసుకున్నాడు. పశువు మీద చూపిన కనికరం మనిషికి ఇవ్వాల్సిన దాంట్లో కోత పెట్టదని మా అనుభవం. గుర్రానికి నీళ్లు మోసిన పిల్లలే, పక్కవీధిలో ఒంటరిగా ఉండే ముసలమ్మకు కూడా బిందె నింపి రావడం మొదలుపెట్టారు. ఆ అమ్మ రోజూ వచ్చి చుక్క దగ్గర కూర్చునేది. "దీన్ని చూస్తే నన్ను నేను చూసుకున్నట్టే ఉందయ్యా" అనేది.

తొలకరి వానలు పడ్డాక చుక్కకు కడుపునొప్పి వచ్చింది. పడిపోయింది. డాక్టరు గారు నొప్పికి ఇంజెక్షన్లు ఇచ్చారు, ముక్కులోంచి గొట్టం వేసి నూనె పోశారు. ఫలితం లేదు. గుర్రం ఎక్కువసేపు పడుకుని ఉంటే దాని బరువే దాని కండరాలనూ ఊపిరితిత్తులనూ నలిపేస్తుందని, ఇక నొప్పి లేకుండా పంపించడమే మేలని చెప్పారు.

ఇక్కడ మా తప్పు ఒప్పుకోవాలి. మేము రెండు రాత్రులు ఆగాం. దేవుడిచ్చిన ప్రాణం కదా, ప్రార్థన చేద్దాం అన్నాం. నిజానికి మాకు భయం. గొయ్యి తవ్వించిన కాపరి అని ఎవరైనా అంటారేమోనని భయం. ఆ రెండు రాత్రులూ అది మూలుగుతూనే ఉంది. చివరికి ఆ ముసలమ్మే అంది. "అయ్యా, అది మీకోసం ఉంటోంది. దానికోసం కాదు. పంపించండి."

మనిషి ప్రాణం సంగతి వేరు, దాన్ని దీనితో కలపొద్దు. కానీ మన చేతికి అప్పగించిన మూగజీవి బాగుపడదని తెలిశాక, మన మనసు బాధ పడకూడదని దాన్ని బాధలో ఉంచడం భక్తి కాదు. ఆ రెండు రాత్రులకు మేము దేవుణ్ణి క్షమాపణ అడిగాం.

తెల్లవారుజామున డాక్టరు గారు వచ్చారు. పిల్లలు దాని పెదాలకు బెల్లం రాశారు. ముందు మత్తు ఇచ్చి, తరువాత రెండో ఇంజెక్షన్ ఇచ్చారు. నుదుటి మచ్చ మీద చెయ్యి ఉంచి ప్రార్థించాం. మందు ఎక్కిన కళేబరం కుక్కల పాలు కాకుండా, వాగుకు దూరంగా లోతైన గొయ్యి తీయించి, సున్నం చల్లి పూడ్చాం. మన ఊళ్లో సున్నానికి కొదవ లేదు కదా.

ప్రియులారా, మీ కొట్టంలో పని మానేసిన ఎద్దు ఉంటే దాని సంగతి ఈ రోజే చూడండి. మీ వసారాలో మంచం మీద పని చేయలేని పెద్దవాళ్లు ఉంటే ఈ సాయంత్రం కాసేపు వాళ్ల దగ్గర కూర్చోండి. పనికొచ్చినన్నాళ్లే ప్రేమించడం లోకరీతి. మనం ఏ పనికీ రానప్పుడు కూడా ప్రేమించినవాడి బిడ్డలం మనం.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.