పొంగేదాకా ఆగవద్దు!

పెండ్లిమర్రిలోనైనా, మరే పల్లెలోనైనా ఇంటికొక మరుగుదొడ్డి ఉండటం సంతోషించవలసిన విషయమే. కాని భూగర్భ డ్రైనేజీ లేని ఊళ్ళలో ఆ మురుగు ఎక్కడికి పోతుంది? పెరట్లోని సెప్టిక్ ట్యాంకులోకి. చాలా ఇళ్ళలో తాగునీటి బోరు కూడా ఆ పెరట్లోనే ఉంటుంది. ఆ రెండింటికీ మధ్య దూరమెంతో మీరెప్పుడైనా కొలిచారా?

ట్యాంకులో బరువైన మలినం అడుగున మడ్డిగా పేరుకుంటుంది. జిడ్డు పైకి తేలుతుంది. గాలి అక్కరలేని బాక్టీరియా మడ్డిని కొంతవరకే జీర్ణం చేసుకోగలవు. మధ్యనున్న నీరు ఇంకుడు గుంటలోకి పోతుంది. ఆ నీటిలో రోగక్రిములు ఉండనే ఉంటాయి. వాటిని వడపోసేది గుంట చుట్టూ ఉన్న మట్టి.

“నిండినప్పుడు చూద్దాంలే” అంటారు పెద్దలు. ఇక్కడే పొరపాటు! ట్యాంకులో నీరు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. కంటికి కనబడకుండా పెరిగేది మడ్డి. అది పెరిగితే నీరు నిలిచి తేరుకునే చోటు తగ్గుతుంది. మడ్డి గుంటలోకి పోయి మట్టి రంధ్రాలను పూడ్చేస్తుంది. ఇక మురుగు పైకి ఉబుకుతుంది, లేదా పగుళ్ళు వెతుక్కుంటుంది. మన కడప జిల్లా నాపరాళ్ళకు పేరుపొందింది. అటువంటి సున్నపురాతి పగుళ్ళలో నీరు వడకట్టబడకుండానే దూరం పోగలదు.

1854లో లండన్‌లోని బ్రాడ్ స్ట్రీట్‌లో కలరా వ్యాపించి వందలమంది చనిపోయారు. అక్కడి పంపునీరే కారణమని జాన్ స్నో అనే వైద్యుడు చూపాడు. మరుసటి ఏడు తవ్వి చూస్తే, పక్క ఇంటి మురుగుగుంట ఆ బావిలోకి కారుతున్నట్లు తేలింది. బాగుంటుందని జనం కోరి తెచ్చుకున్న నీరది!

ఖర్చెందుకంటారా? రెండు మూడేళ్ళకొకసారి మడ్డి తీయించే ఖర్చు రోగాల ఖర్చుకన్నా తక్కువేనని నా నమ్మకం. ఆ పని యంత్రంతోనే చేయించాలి. ట్యాంకులోని విషవాయువులు క్షణాల్లో ప్రాణం తీస్తాయి. రక్షణ లేకుండా మనిషిని దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. తీసిన మడ్డిని వంకలో పోయిస్తే మన మురికిని పొరుగువారికి పంపినట్లే. అది శుద్ధి కేంద్రానికి చేరాలి.

ఈ ఆదివారం టేపు తీసుకోండి. ఇంకుడు గుంటకూ బోరుకూ మధ్య కనీసం 18 మీటర్లుండాలి. లేకపోతే నీటిని పరీక్ష చేయించమనండి, అంతవరకు కాచి తాగండి. ట్యాంకు చివరిసారి ఎప్పుడు శుభ్రం చేయించారో ఇంట్లో అడిగి, ఆ తేదీని గోడమీద రాయండి. ఎవరికీ గుర్తులేదంటే, మీ ఇంట్లో ఆ పనికి వేళ మించిపోయిందన్నమాటే!