సాగరం గట్టున ఒక పొదుపరి బండి

2023 ఫిబ్రవరి 11న హుసేన్ సాగరం ఒడ్డున జరిగిన కార్ల పందెం గురించి మన జంటనగరాలలో చాలా మాట్లాడుకున్నాం. ఎన్.టి.ఆర్. మార్గ్ మూసివేత గురించి, బారులు తీరి నిలిచిపోయిన వాహనాల గురించి, టిక్కెట్ల ధరల గురించి, గ్యాలరీలలో కనబడిన సినిమా తారల గురించి మాట్లాడుకున్నాం. 2024 ఫిబ్రవరిలో జరగవలసిన రెండో పందెం రద్దయిన తరువాత ఆ సంభాషణ పూర్తిగా రాజకీయంలోకి మళ్ళింది. ఈ మాటల వెల్లువలో ఒక్కటి మాత్రం నా చెవిన పడలేదు. ఆ కారు ఎటువంటిది, ఎందుకు అలా ఉంది, దాని బ్రతుకు ఎలా గడిచింది అన్న ప్రసంగం ఎక్కడా రాలేదు. పెళ్ళికి వెళ్ళి వచ్చి, భోజనాల గురించీ పందిరి గురించీ రెండేళ్ళు తగవులాడుకుని, పెళ్ళికూతురు పేరు మాత్రం అడగకుండా ఉన్నట్టుంది మన వరస.

తగవును త్వరగా దాటేస్తాను. 2023 డిసెంబరులో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. 2024 జనవరిలో నిర్వాహకులు రెండో పందెం రద్దయిందని ప్రకటించారు. అంతకు ముందు జరిగిన చెల్లింపులు నియమబద్ధమా కాదా అన్న విషయమై 2024 డిసెంబరులో ఏసీబీ నాటి మంత్రిపైనా అధికారులపైనా కేసు నమోదు చేసింది. ఆరోపణలూ ఉన్నాయి, ఖండనలూ ఉన్నాయి. న్యాయస్థానాలు తేల్చవలసిన సంగతిలో నా వంటివాడు తీర్పు చెప్పబూనడం సాహసం. నా అభిప్రాయం వేరొక చోట ఉంది. ఆ కారుకూ ఈ తగవుకూ ముడిపెట్టి రెంటినీ కలిపి సాగరంలో పారవేయడం మనకు మనం చేసుకున్న నష్టమని నేను అనుకుంటున్నాను.

ఎందుకో చెప్పాలంటే ముందు బండిని పరిచయం చేయాలి.

ఫార్ములా ఈ అనేది విద్యుత్తుతో నడిచే ఒంటి ఆసనపు కార్ల పోటీ. 2014లో మొదలైంది, 2020-21 సీజనుతో ప్రపంచ ఛాంపియన్‌షిప్ హోదా పొందింది. 2013లో నోయిడా దగ్గర బుద్ధ సర్క్యూట్‌లో జరిగిన ఆఖరి ఫార్ములా వన్ గ్రాండ్ ప్రీ తరువాత ఈ తరహా ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీ మన దేశంలో మళ్ళీ జరిగింది మన సాగరతీరంలోనే. సుమారు 2.8 కిలోమీటర్ల దారి, పద్ధెనిమిది మలుపులు. లుంబినీ పార్కు, అప్పటికింకా ప్రారంభం కాని కొత్త సచివాలయం, ఐమాక్స్, నెక్లెస్ రోడ్డు, ఇవన్నీ ఆ దారి పక్కనివే.

అక్కడ పరుగెత్తినవి మూడో తరం బండ్లు. 2022 ఏప్రిల్‌లో మొనాకోలో వీటిని మొదటిసారి జనానికి చూపించారు. యుద్ధవిమానపు రెక్కను తలపించే కోసు ఆకారం చూసి ఆనాడు అభిమానులలో సగం మంది ముఖం చిట్లించారు. ఆ రూపం నాకూ అంతగా రుచించలేదు. కానీ వంకీలు లేని ఆ పైతొడుగు కింద ఉన్న ఆలోచన అపూర్వమైనది. రెండో తరం బండి చోదకుడితో కలిపి 900 కిలోలు తూగితే, ఇది 840 కిలోలకు తగ్గింది. బలం మాత్రం 250 కిలోవాట్ల నుంచి 350కి పెరిగింది. చట్రం స్పార్క్ అనే ఫ్రెంచి సంస్థది, బ్యాటరీ విలియమ్స్ వారి ఇంజనీరింగ్ విభాగంలో రూపొందింది, టైర్లు హాన్‌కుక్‌వి. ఈ మూడూ అన్ని జట్లకూ ఒకటే.

ఇక అసలు సంగతి. ఈ బండికి మోటార్లు రెండు. వెనుక మోటారు బండిని తోస్తుంది. ముందు మోటారు మాత్రం 2023లో బండిని ఒక్క అంగుళం కూడా లాగలేదు. అది అక్కడ ఉన్నది తోయడానికి కాదు, ఆపడానికి. బ్రేకు వేసినప్పుడు చక్రాల తిరుగుడును విద్యుత్తుగా మార్చి బ్యాటరీకి వాపసు పంపడం దాని పని. ముందు మోటారు 250, వెనుక మోటారు 350, కలిపి 600 కిలోవాట్ల మేరకు తిరిగి రాబట్టగల ఏర్పాటు. అంటే, ఖర్చు పెట్టే సామర్థ్యం కంటే వెనక్కి తెచ్చుకునే సామర్థ్యం ఎక్కువగా ఉన్న బండి! ఇంగ్లీషులో దీనిని రీజనరేటివ్ బ్రేకింగ్ అంటారు. నేను నా వాడుకకు ‘రాబడి బ్రేకు’ అని పేరు పెట్టుకున్నాను. ఇంతకంటే మంచి మాట తోచినవారు తప్పక చెప్పండి, దీనినే పట్టుకుని వేలాడను.

ఆ రాబడి ఎంతో ఒకసారి లెక్క కట్టి చూద్దాం. 840 కిలోల బండి గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దానిలోని చలనశక్తి, మనం ఇంటర్మీడియట్‌లో వల్లెవేసిన సూత్రం ప్రకారం, దాదాపు 13 లక్షల జౌళ్ళు. కరెంటు బిల్లు భాషలో చెప్పుకుంటే ఒక యూనిట్‌లో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. మలుపు దగ్గర 60కి దిగాలంటే అందులో పదింట తొమ్మిది పాళ్ళు వదులుకోవాలి. మామూలు కారులో అదంతా బ్రేకుల వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. ఇక్కడ దానిలో పెద్ద భాగం తిరిగి బ్యాటరీలోకి చేరుతుంది. పందెంలో ఖర్చయ్యే శక్తిలో 40 శాతానికి పైగా ఇలా రాబట్టినదే ఉంటుందని రూపకర్తలు చెప్పారు. ఈ ధీమాతోనే వెనుక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులు లేకుండానే బండిని రూపొందించారు. చోదకులు బెంబేలెత్తారు, సాఫ్ట్‌వేరు మొరాయిస్తే బండిని ఆపేదెవరని అడిగారు. వారి భయం సబబే. తరువాత అత్యవసరానికి అదనపు బ్రేకు ఏర్పాటు చేర్చవలసి వచ్చింది. పొదుపు పిసినారితనంగా మారే హద్దు ఒకటుంటుంది కదా, ఆ హద్దు దగ్గర గీసిన నమూనా ఇది.

వేగపు పందెంలో పొదుపు ఏమిటని మీకు అనిపించవచ్చు. సికింద్రాబాదు ఆటో డ్రైవర్లను గమనించినవారికి ఇది వింత కాదు. పల్లం రాగానే బండిని న్యూట్రల్‌లో వేసి దొర్లనిచ్చి పెట్రోలు మిగుల్చుకునే విద్య వారికి వెన్నతో పెట్టినది. ఫార్ములా ఈ చోదకుడూ అదే చేస్తాడు. మలుపు ఇంకా దూరంగా ఉండగానే యాక్సిలరేటరు మీది కాలు తీసి, బండిని దొర్లనిచ్చి, ఆపైన రాబడి బ్రేకు వేస్తాడు. పందెం మొత్తానికీ చాలినంత శక్తి ఎవరికీ ఇవ్వరు. అందరూ చాలీచాలని జీతంతో నెల గడుపుకునే గృహస్థులే! ఎవరు ఎక్కడ ఖర్చు పెట్టారు, ఎక్కడ కూడబెట్టారు అన్నదే పోటీ.

ఆనాటి పందెం ముగింపు చూడండి. మిచ్ ఎవాన్స్ అందరికంటే ముందు నిలిచి ఆరంభించాడు. అతని జాగ్వార్‌ను హెయిర్‌పిన్ మలుపులో గుద్దింది పరాయి వాడు కాదు, సొంత జట్టులోని శామ్ బర్డ్! చివరి చుట్లలో ఫ్రెంచి చోదకుడు జాన్ ఎరిక్ వెర్న్ ముందున్నాడు, వెనకాల నిక్ కాసిడీ. కాసిడీ బ్యాటరీలో నిలవ ఎక్కువ, వెర్న్ దగ్గర తక్కువ. లెక్క ప్రకారం కాసిడీ దాటిపోవాలి. వెర్న్ మలుపు మలుపుకీ దారి కాచి, తక్కువ నిలవతోనే అర సెకను లోపు తేడాతో గెలిచాడు. మూడో స్థానంలో గీత దాటిన బ్యుయెమీకి అనుమతించినదానికంటే ఎక్కువ విద్యుత్తు వాడాడని శిక్ష పడింది. ఆ స్థానం డా కోస్టాకు దక్కింది. అతిగా వాడినవాడికి జరిమానా పడే ఆట ఇది. మరునాడు నేను చదివిన వార్తలలో ఎవరు వచ్చారు, ఏం కట్టుకున్నారు అన్నవి వివరంగా ఉన్నాయి గాని, ఈ నిలవల నాటకం గురించి రెండు వాక్యాలు కూడా లేవు.

ఇప్పుడు ‘మన బండి’ దగ్గరికి వస్తాను. ఆ రోజు గ్యాలరీలు ఎక్కువగా కేకలు వేసింది మహీంద్రా జట్టు కోసం. 2014లో ఆరంభించిన పది జట్లలో అది ఒకటి, మొదటి సీజనులో మన కరుణ్ చంధోక్ దాని చోదకుడు. 2023 నాటి బండి పేరు ఎం9ఎలక్ట్రో, చోదకులు లూకాస్ డి గ్రాసీ, ఆలివర్ రోలండ్. జనవరిలో మెక్సికో నగరంలో జరిగిన తొలి పందెంలోనే డి గ్రాసీ దానిని అగ్రస్థానం నుంచి బయలుదేరదీసి మూడో స్థానంలో నిలిపాడు. మన ఊళ్ళో రోలండ్ ఆరో స్థానంలో వచ్చాడు. ఆరంభం బాగుందని అందరూ అనుకున్నారు.

రెండు వారాల తరువాత కేప్ టౌన్. అర్హత పోటీకి ముందే మహీంద్రా తన రెండు బండ్లనూ ఉపసంహరించుకుంది. వెనుక సస్పెన్షన్ భాగం మీద అనుమానం కలిగింది, గోడల నడుమ పందెంలో చోదకుల ప్రాణాలతో చెలగాటం వద్దనుకున్నారు. మహీంద్రా దగ్గర వెనుక భాగం కొనుక్కుని వాడుతున్న ఆప్ట్ కుప్రా జట్టూ తప్పుకుంది. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. చట్రం, బ్యాటరీ, ముందు మోటారు, టైర్లు అందరికీ ఒకటేనని చెప్పాను. ఎవరికి వారు తయారుచేసుకోవలసింది వెనుక భాగం మాత్రమే: మోటారు, ఇన్వర్టరు, గేర్‌బాక్సు, సస్పెన్షను. ఎం9లో అనుమానం తగిలింది సరిగ్గా ఆ సొంత భాగానికే.

తప్పుకోవడాన్ని నేను అవమానంగా భావించను. పందెం నుంచి బండిని వెనక్కి తీసుకోగల జట్టు మీద నాకు గౌరవమే కలిగింది. అయితే ఆ సొంత భాగం కూడా ఇంగ్లండులో, బాన్‌బరీలోని కేంద్రంలో తయారైనదే. పెట్టుబడి మనది, పేరు మనది, చేతులు చాలావరకు వారివి. ఆ సీజను పొడుగునా పోటీదారుల వరుసలో భారతీయ చోదకుడు ఒక్కడూ లేడు. జెహాన్ దారువాలా మహీంద్రాకు రిజర్వు చోదకుడిగా ఒడ్డున నిలబడవలసి వచ్చింది. ఈ సంగతులు తెలిసి గర్వపడితే నాకు అభ్యంతరం లేదు. తెలియక గర్వపడితే మాత్రం అది మూడురంగుల స్టిక్కరును చూసి పడే గర్వం.

మిగిలిన కథ క్లుప్తంగా. నియమాల ప్రకారం ఒకసారి ఆమోదం పొందిన యంత్రభాగాలను రెండు సీజన్ల పాటు ఇష్టానుసారం మార్చడానికి వీల్లేదు, సాఫ్ట్‌వేరు మాత్రం దిద్దుకోవచ్చు. కాబట్టి పుట్టుకతో వచ్చిన బలహీనత వెంటాడింది. రోలండ్ సీజను మధ్యలోనే వెళ్ళిపోయాడు. బెర్లిన్‌లో వాన తడిసిన దారి మీద అర్హత పోటీలో ఇదే వెనుక భాగం ఉన్న ఆప్ట్ బండ్లు రెండూ ముందు వరుసను ఆక్రమించి అందరినీ నివ్వెరపరచాయి. పొడి దారి మీద పందెం మొదలయ్యాక ఆ ముచ్చట నిలవలేదు. మహీంద్రా ఆ ఏడు పదకొండు జట్లలో పదోది. నియమాల గడువు తీరి, వెనుక భాగాన్ని కొత్తగా రూపొందించుకునే అవకాశం వచ్చిన 2024-25 సీజనులో అదే జట్టు నాలుగో స్థానానికి ఎగబాకింది. అప్పటికి బండి పేరు ఎం11ఎలక్ట్రో. 2023లో నిద్రపోయిన ముందు మోటారు ఆరంభంలోనూ, మరికొన్ని ఘట్టాలలోనూ తోయడం మొదలుపెట్టింది. పందెం మధ్యలో అర నిమిషంలో బ్యాటరీ నింపుకునే ఏర్పాటు కూడా 2025 ఫిబ్రవరిలో జెద్దాలో తొలిసారి వాడుకలోకి వచ్చింది. దానికి కావలసిన శక్తి మూడో తరం బ్యాటరీకి మొదటినుంచీ ఉద్దేశించినదే. మనం చూసింది సగం మేల్కొన్న బండిని.

ఈ కథలో మన ఊరు ఒక్క రోజు పాత్ర వహించింది. ఆ వారం ట్యాంక్ బండ్ మీద ఇరుక్కుపోయిన బస్సులో కూర్చుని విసుక్కున్నవాళ్ళలో నేనూ ఉన్నాను, కనుక రహదారుల మీద పందెం మళ్ళీ పెట్టమని అడగను. నగరం నడివీధిని మూసి ఆడే ఆట ఖరీదైనది, ఆ ఖర్చును ప్రశ్నించే హక్కు పౌరులకు ఉంది. నా ఫిర్యాదు వేరు. అంత ఖర్చుతో వచ్చిన బండి నుంచి మనం నేర్చుకోగలిగింది ఏదీ ఒడ్డున మిగల్చుకోలేదు. రాణీగంజ్ దుకాణాలలో బేరింగు చేత్తో తిప్పి చూసి దాని రోగం చెప్పగల పనివారున్నారు. నగరం చుట్టూ ఇంజనీరింగు కళాశాలలు వందలలో ఉన్నాయి. వీరిలో ఎవరికీ ఆ వెనుక సస్పెన్షను ఎలా ఉంటుందో, అది ఎందుకు అనుమానం తెచ్చిపెట్టిందో దగ్గరగా చూసే అవకాశం రాలేదు.

2025-26 మూడో తరానికి ఆఖరి సీజను. 2026-27 నుంచి నాలుగో తరం బండ్లు రంగంలోకి వచ్చే ఏర్పాటు, మహీంద్రా అందులోనూ ఉంటానని ముందే మాట ఇచ్చింది. అంటే పాత చట్రాలకు పని తీరిపోతుంది. వాటిలో ఒకటి, పరుగెత్తనవసరం లేదు, బ్యాటరీ తీసివేసినదే చాలు, మనకు కావాలని అడగవచ్చు కదా. పందెపు దారికి దగ్గరలోనే నౌబత్ పహాడ్ మీద బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాల ఉంది. అక్కడ ఆ బండిని నిలువునా కోసి, ముందు మోటారు ఇదీ, వెనుక మోటారు ఇదీ, తిరిగి వచ్చే శక్తి ఈ తీగ వెంట పోతుంది అని పిల్లలు వేలుపెట్టి చూపుకునేలా నిలబెట్టవచ్చు. కేప్ టౌన్‌లో భయపెట్టిన భాగాన్ని విడిగా, పక్కనే ఒక బల్ల మీద పెట్టాలి. పక్కన పెట్టే పలకల మీద తెలుగు రాసే పని మాత్రం ప్రభుత్వ అనువాదకులకు అప్పగించకండి. మన బ్లాగర్లలో ఎవరో ఒకరు ఉచితంగానే రాసిపెడతారు. ‘రాబడి బ్రేకు’ అన్న మాట మీద నాతో ఒక వారం పోట్లాడిన తరువాతే అనుకోండి.