వయస్సు మళ్లినవారి తూకము

గుంటూరు మిరపయార్డున కాటాకెక్కిన బస్తాను చూచి, బరువునుబట్టియే ధర చెప్పు వ్యాపారి యొక్కడును లేడు. బస్తాలోనికి చేయి పోనిచ్చి నాలుగు కాయలు తీసి, తేమ యెంత, తాలు ఎంత, రంగు నిలిచినదా లేదా యని పరీక్షించిన పిమ్మటనే ధరమాట బయటికి వచ్చును. పత్తి కొనుగోలునందును ఇదే పద్ధతి. భారత పత్తి సంస్థవారు నూటికి 8 వంతుల తేమను ప్రమాణముగ పెట్టుకొని, 12 వంతులు దాటిన సరకును కొననే కొనరు. క్వింటాలు పత్తిలో దాదాపు మూడవవంతు మాత్రమే దూది యనియు, తక్కినది చాలవఱకు గింజయే యనియు పల్నాటి రైతుబిడ్డ లందఱు నెఱుగుదురు. తూకము వేరు, తూకములోని పదార్థము వేరు అను వివేకమును ఈ నల్లరేగడి నేలలో పుట్టినవారికి ఒకరు నేర్పవలసిన పనిలేదు. అయినను తమ దేహము విషయము వచ్చునప్పటికి ఆ రైతే, ఆ వ్యాపారియే ఈ వివేకమును విడిచి, కాటా చూపిన అంకెను వేదవాక్యముగ గైకొనుచున్నారు.

దేహభారమునుగూర్చి మన ప్రాంతమున రెండు విరుద్ధాభిప్రాయములు ప్రక్కప్రక్కనే జీవించుచున్నవి. ఒళ్లు చేయుట కలిమికి గుర్తని పూర్వులు తలచిరి. పండుగకు వచ్చిన అల్లుని చూచి "చిక్కిపోయినావేమి నాయనా" యని అత్తగా రనుట నేటికిని ఆప్యాయతకు మారుపేరే. ఇటీవల పట్టణములలో దీనికి ప్రతికూలమగు ధోరణి ప్రబలినది. అరువదియేండ్లు దాటిన పెద్దమనిషి "పెండ్లినాటి బరువే నేటికిని నాకున్నది" అని గర్వముతో చెప్పుకొనును. విన్నవారు ఆరోగ్యమన్న ఇట్లుండవలెనని మెచ్చుకొందురు. ఈ మెప్పు ఎంతవఱకు సమంజసమో విచారింపవలసి యున్నది.

ముప్పదియేండ్లు దాటినది మొదలు మనుష్యుని కండ పదేండ్లకు నూటికి 3 మొదలు 8 వంతులవఱకు తఱుగుచుండును. అరువదియేండ్లపైని ఈ తఱుగుదల మఱింత వేగమగును. కండ తఱిగినకొలది క్రొవ్వు, అందును ఉదరభాగమున, చేరుచుండును. కావున నలువదియేండ్లుగ మారని బరువు, లోపల జరిగిన మార్పును కప్పిపుచ్చుచుండవచ్చును. దూది తఱిగి గింజ పెరిగిన క్వింటాలు పత్తివంటిదే యీ దేహము. క్వింటాలు క్వింటాలుగనే యుండును. జిన్నింగుమిల్లులో పడినప్పుడు గాని నష్టము తెలియదు. దేహమునకు అట్టి పరీక్ష మెట్లెక్కునప్పుడో, స్నానాలగదిలో కాలుజారినప్పుడో, పదిదినములు జ్వరముతో మంచముపట్టి లేవబోయినప్పుడో ఎదురగును. పెండ్లినాటి బరువును నిలుపుకొన్నవాడు పెండ్లినాటి కండను కూడ నిలుపుకొన్నాడా యని కాటా నడుగలేము.

బరువును ఎత్తుతో పోల్చి చూచు సూత్రమునకు మూలపురుషుడు వైద్యుడు కాడు. బెల్జియము దేశీయుడగు క్వెట్‌లే ఖగోళజ్ఞుడు, గణాంకశాస్త్రవేత్త. జనసమూహముయొక్క సగటును వర్ణించుటకై 1830 తరువాతి సంవత్సరములలో ఆయన ఈ లెక్కను కనుగొనెను. కిలోలలోని బరువును మీటర్లలోని ఎత్తుయొక్క వర్గముచే భాగించుటయే ఆ లెక్క. 1972లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్ దీనికి నేటి పేరు పెట్టెను. బి.ఎం.ఐ. యను మూడక్షరములతో అది లోకమంతట వ్యాపించి, నేడు మన ఆసుపత్రుల గోడలమీదను రంగుల పటమై వ్రేలాడుచున్నది. సమూహమునకై పుట్టిన కొలత ఇట్లు వ్యక్తికి తీర్పు చెప్పసాగినది.

ఆ తీర్పు ఎంత పొరబడవచ్చునో పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్‌గారును, లండను వైద్యుడు జాన్ యుడ్కిన్‌గారును తమ దేహములనే ఉదాహరణముగ చూపి 2004లో 'లాన్సెట్' వైద్యపత్రికయందు ప్రకటించిరి. ఇరువురి బి.ఎం.ఐ. సరిగా 22.3. దేహములోని క్రొవ్వు మాత్రము యుడ్కిన్‌గారికి నూటికి 9.1 వంతులు, యాజ్ఞిక్‌గారికి 21.2 వంతులు. సన్నగా కనబడు భారతీయునికి మధుమేహ మెట్లు వచ్చినదని ఆశ్చర్యపడువారికి ఇందు సమాధానము కొంత కలదు. ఆ సంవత్సరముననే ప్రపంచారోగ్యసంస్థ కూర్చిన నిపుణులు, ఆసియావాసులకు 25 వఱకు ఆగక 23 దాటినప్పుడే జాగ్రత్త వహింపవలెనని సూచించిరి. మన దేశ వైద్యులు 2009లో 23ను అధికభారమునకు, 25ను స్థూలకాయమునకు ఎల్లలుగ నిర్ణయించిరి.

ఇంతవఱకు మార్గము స్పష్టముగనే తోచును. కాని 2014లో ఆస్ట్రేలియా పరిశోధకులు, 65 ఏండ్లు దాటిన దాదాపు రెండులక్షల జనుల వివరములను గుదిగ్రుచ్చి పరిశీలింపగా, 23కు లోబడిన వృద్ధులలో మరణములు హెచ్చుగను, దానికి పైనున్నవారిలో తక్కువగను కనబడెను. నరసరావుపేటలో 68 ఏండ్ల పెద్దమనిషికి బి.ఎం.ఐ. 24 ఉన్నదనుకొందము. మొదటి సూత్రము బరువు తగ్గుమనును; రెండవది ఉన్నచోటనే యుండుమనును. అతడు దేనిని వినవలెను?

మా అభిప్రాయమున దేనిని గుడ్డిగా వినరాదు. ఆస్ట్రేలియావారి లెక్కలోని జనులు అధికసంఖ్యాకులు పాశ్చాత్యులు. అదిగాక లోపల దాగియున్న వ్యాధివలన ముందే చిక్కినవారును తక్కువ బరువువారి పట్టికలో చేరియుందురు. మన వైద్యుల ఎల్లలన్ననో మధుమేహభయము ప్రధానముగ పెట్టుకొని వయోజనుల కందఱికిని గీచినవి. డెబ్బదియేండ్లవాని కండతఱుగుదల వారి దృష్టిలో ముఖ్యవిషయము కాదు. ఈ రెండు సూత్రముల నడుమ మన వృద్ధులు చిక్కుకొనియున్నారు. అమెరికానుండి కుమారుడు పంపిన ఎలక్ట్రానిక్ కాటా గ్రాములతోసహా అంకెను చూపునే గాని ఈ చిక్కును విప్పలేదు.

ఎత్తు సంగతి మఱియొకటి. వయస్సుతోపాటు వెన్నుపూసలు క్రుంగి మనుష్యుడు పొట్టియగును. వయస్సులో 160 సెంటీమీటర్లుండి 60 కిలోలు తూగిన స్త్రీ బి.ఎం.ఐ. 23.4. వార్ధక్యమున ఆమె 154 సెంటీమీటర్లకు క్రుంగినచో, ఒక్క గ్రాము పెరుగకయే ఆ సంఖ్య 25.3 అగును. గోడమీది పటము ఆమెను స్థూలకాయుల వరుసలో నిలుపును. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతములలో ఈ లెక్క మఱింత తలక్రిందులగును. నీటిలోని ఫ్లోరైడువలన ఎముకలు బిగుసుకొని నడుములు వంగిపోవు వ్యాధిని షార్టు మొదలగు వైద్యులు 1937లోనే నెల్లూరుజిల్లాలో గుర్తించి ప్రకటించిరి. 1970లో ఒంగోలుజిల్లా ఏర్పడువఱకు ఈ ప్రాంతములు నెల్లూరుజిల్లాలోనివే. నిటారుగ నిలువలేని మనుష్యుని గోడకానించి కొలిచిన ఎత్తు దేనికి పనికివచ్చును? అట్టివారికి చాచిన చేతి పొడవునుబట్టియో, మోకాలి ఎత్తునుబట్టియో అసలు ఎత్తును అంచనావేయు విధానములు వైద్యగ్రంథములలో నున్నవి. వానిని వాడు అలవాటు ఎన్ని ఆసుపత్రులలో నున్నదో పాఠకులే యెఱుగుదురు.

స్థూలకాయమునుగూర్చి మాత్రమే మాటలాడుట కలవారి వైద్యము. జనవరి మొదలు ఏప్రిలువఱకు మిరపకోతలకు, అంతకుముందు పత్తితీతకు కర్నూలు పల్లెలనుండి సైతము వలసవచ్చు స్త్రీలలో ఏబది, అరువదియేండ్లవారు లేకపోలేదు. వారి నడుములు సన్నములు. పిక్కలు అంతకంటె సన్నములు. పండ్లూడి, పప్పు ప్రియమై, కారము మెతుకులతోను మజ్జిగతోను పూట గడపువా రెందఱో. ఇంటిలో అందఱు తినినపిమ్మట మిగిలినది తినుటయు, శనివారము ఒంటిపూటయు వీరికి నియమములు. ఇట్టి స్త్రీ ఆరునెలలలో మూడుకిలోలు తగ్గినను ఎండకు పనిచేసినది కదా యని ఊరకుందురు. దేహము తాను కోరకయే ఆరుమాసములనుండి సంవత్సరములోపల నూటికి 5 వంతులు తగ్గినచో, అది మధుమేహమో, క్షయయో, థైరాయిడు దోషమో, పుట్టకురుపో, మనోవ్యాధియో, కేవలము తిండిలేమియో తేల్చుకొనవలెనని వైద్యులు చెప్పుచున్నారు. 50 కిలోల మనిషికి ఆ 5 వంతులన్నది రెండున్నర కిలోలే. ముందటి బరువు ఎక్కడను వ్రాసియుంచనప్పుడు తఱిగినదెంతో చెప్పువారెవరు?

ప్రభుత్వమువారి లెక్కలును ఈ మనుష్యులను దాటిపోవుచున్నవి. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనమందు ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో నూటికి 36 మందికిపైగ 25 దాటిన బి.ఎం.ఐ. కలవారని తేలినది. పత్రికలు దానిని పెద్దయక్షరములతో ప్రకటించినవి. కాని ఆ పరిశీలనములో తూచబడిన స్త్రీలు 49 ఏండ్లకు లోబడినవారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహారసంస్థ 2020లో ప్రమాణపురుషునికి 65 కిలోలు, ప్రమాణస్త్రీకి 55 కిలోలు నిర్ణయించెను. ఆ ప్రమాణవ్యక్తుల వయస్సు 19 మొదలు 39 ఏండ్లు. వృద్ధులను ప్రత్యేకముగ తూచిన 2017–18 నాటి దేశవ్యాప్త పరిశీలనమందు, అరువది దాటినవారిలో నాలుగవవంతునకు మించి తక్కువ బరువువారే యనియు, ఐదవవంతునకు పైగ అధిక బరువువారనియు వెల్లడియైనది. చిక్కినవారు బలిసినవారికంటె ఎక్కువ యున్న ఈ వయోవర్గమునకు, బరువు తగ్గింపుడను ఒక్క బోధయే వినిపించుట న్యాయము కాదు.

మఱి దేనిని చూడవలెను? కొలతటేపు ఒక్కటి చాలును. పురుషునికి 90, స్త్రీకి 80 సెంటీమీటర్లు దాటిన నడుము, బరువెంతయున్నను క్రొవ్వును పట్టియిచ్చును. పిక్క లావుగనున్నచోట కొలిచినప్పుడు పురుషునికి 34, స్త్రీకి 33 సెంటీమీటర్లకు తక్కువయైనచో కండ తఱిగినదని అనుమానింపవలెనని ఆసియా వైద్యనిపుణులు 2019లో నిర్ణయించిరి. చేతులూనకుండ కుర్చీనుండి ఐదుమార్లు లేచి కూర్చుండుటకు 12 సెకండ్లు, అంతకుమించి పట్టినను అదే అనుమానము. నడుము పెరిగి పిక్క తఱిగినవాడు కాటామీద నిశ్చింతగ కనబడుచునే రెండువైపుల నష్టపోవుచున్నాడు. ఒక్క హెచ్చరిక: గుండెజబ్బువలననో మూత్రపిండముల దోషమువలననో కాళ్లకు నీరు దిగినచో కాటాయు, టేపును రెండును మోసగించును. తేమపట్టిన పత్తి నెఱిగినవారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు. వ్రేలితో నొక్కిన గుంట నిలిచినచో వైద్యునికడకు పోవలెను.

మధుమేహము, మోకాళ్లనొప్పి కలిగిన స్థూలకాయుడగు వృద్ధుడు బరువు తగ్గుట మేలే. కాని రాత్రిభోజనము మాని రెండు రొట్టెలతో సరిపెట్టి తగ్గించుకొన్న బరువులో కండయు పోవును. మరల పెరుగునప్పుడు వచ్చునది చాలవఱకు క్రొవ్వే. కావున తగ్గదలచినవారు కండకు పని చెప్పుచు, మాంసకృత్తులను విడువక, వైద్యుని సలహాతో మెల్లగ తగ్గవలెను. మూత్రపిండములు బాగుగనున్న వృద్ధునికి కిలో బరువునకు 1 మొదలు 1.2 గ్రాముల మాంసకృత్తులు దినమునకు కావలెనని 2013లో నిపుణులు చెప్పిరి. 50 కిలోల ముసలమ్మకు 50, 60 గ్రాములన్నమాట. బియ్యమున నూటికి 7, 8 గ్రాములే; శనగలలో దాదాపు 20. ప్రకాశము రేగళ్లలో పండిన శనగలు ధరకై శీతలగిడ్డంగులలో కాచుకొనియుండగా, పండించిన యింటి అవ్వ పచ్చడి మెతుకులతో కాలక్షేపము చేయుచున్నది. పండ్లు లేనివారికి ఉడికించి మెదిపిన శనగలు, పప్పుకట్టు, పెరుగు, గ్రుడ్డు మ్రింగుటకు కష్టము కావు.

ఇందుకు క్రొత్త శాఖలు, క్రొత్త ఉద్యోగులు అక్కరలేదు. ముప్పదియేండ్లు దాటినవారికి పట్టిక నింపుటకై ఇంటింటికి తిరుగు ఆశా కార్యకర్తలు ఇదివఱకే టేపుతో నడుము కొలుచుచున్నారు. అరువది దాటినవారికి అదే టేపును పిక్కకును చుట్టుట అరనిమిషము పని. 2024 నుండి నెలకు 4000 రూపాయల వృద్ధాప్యపు పింఛనును సచివాలయోద్యోగులు ఇండ్లకు తెచ్చియిచ్చుచున్నారు. మూడుమాసముల కొకమారు ఆ దినముననే కాటాను కూడ వెంట తెచ్చినచో, ముందటి బరువుతో నేటి బరువును పోల్చుటకు మొదటిసారి వీలుకలుగును. ఒక చీటీమీద తేదీ, బరువు, నడుము, పిక్క అను నాలుగు గడులు చాలును. అయిదువంతులు తఱిగినవారిని ప్రాథమికారోగ్యకేంద్రమునకు పంపవలెను. ఈ మైదానపు జిల్లాల కలెక్టరులు జిల్లాకొక మండలము చొప్పున ఎన్నుకొని, రానున్న మిరపకోతలకు ముందే దీని నారంభింపవచ్చును.